అరికాళ్లు కూడా చూడండి – గోదావరి డెల్టా ప్రభుత్వాసుపత్రుల డ్యూటీ వైద్యాధికారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వైద్యాధికారులకు,

నమస్కారం.

అమలాపురం, రాజోలు, కొత్తపేట, రామచంద్రపురం, నరసాపురం, పాలకొల్లు, తణుకు, భీమవరం వంటి చోట్ల ప్రభుత్వాసుపత్రుల క్యాజువాల్టీలో రాత్రింబగళ్లు డ్యూటీ చేసే మిమ్మల్ని ఉద్దేశించి ఈ లేఖ రాస్తున్నాను. నేను ఇరవై రెండేళ్లుగా ఈ డెల్టాలోని మేజిస్ట్రేటు కోర్టుల్లో క్రిమినల్ కేసులు చూస్తున్న న్యాయవాదిని. అందులో సగానికి పైగా కాలం న్యాయసేవాధికార సంస్థ ప్యానెల్ తరఫున, ఫీజు ఇచ్చుకోలేని ముద్దాయిల పక్షాన నిలబడ్డాను. పోలీసు అదుపులో జరిగే హింస గురించి రాసేవారు సాధారణంగా పోలీసు ఉన్నతాధికారులకో, హోంమంత్రికో, హైకోర్టుకో రాస్తారు. నేను మీకు రాస్తున్నాను. అరెస్టయిన మనిషి పోలీసుల చేతుల్లోంచి తాత్కాలికంగానైనా బయటికి వచ్చి, పోలీసు కాని ఒక ప్రభుత్వోద్యోగి ముందు నిలబడే మొదటి చోటు మీ బల్ల. అక్కడ జరగవలసిన పరీక్ష చాలాసార్లు జరగకుండానే కాగితం తయారవుతోందన్నది నా ఆవేదన.

నేను చూసిన ఒక సంగతి చెబుతాను. ఊరు పేరు, స్టేషను పేరు, ఆసుపత్రి పేరు రాయడం లేదు. ఒకరిని వేలెత్తి చూపడం నా ఉద్దేశం కాదు.

కొన్నేళ్ల కిందట ఒక లంక గ్రామంలో రొయ్యల చెరువు గట్టు మీద నుంచి రెండు ఏరేటర్ మోటార్లు పోయాయి. మన వైపు మోటార్లు పోతే ముందుగా పిలిపించేది చెరువు కాపలావాడినే. పందొమ్మిదేళ్ల కుర్రాణ్ణి శనివారం సాయంత్రం స్టేషనుకు తీసుకెళ్లారు. ఆదివారం తల్లి అన్నం క్యారేజీ పట్టుకుని వెళితే, ఇక్కడ అలాంటివాడెవడూ లేడు పొమ్మన్నారు. మంగళవారం ఉదయం బస్టాండు దగ్గర అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నట్టు అరెస్టు చూపించారు. 'అరెస్టు చేశారు' అనే మాటకూ, కోర్టు వరండాల్లో అందరం అలవాటుగా వాడే 'అరెస్టు చూపించారు' అనే మాటకూ మధ్య ఉన్న ఆ రెండు మూడు రోజుల్లోనే నేను రాయబోయే విషయమంతా ఉంది. ప్రయాణ సమయం పోను 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్ష సంహిత 58వ సెక్షను చెబుతున్నాయి. కానీ తీసుకెళ్లిన గంట నుంచి కాక 'చూపించిన' గంట నుంచి లెక్కపెడితే ఆ నియమం ఎన్నడూ తప్పినట్టు కనబడదు.

ఆ మధ్యాహ్నం కోర్టు వరండాలో అతన్ని మొదటిసారి చూశాను. ఒక చెయ్యి కానిస్టేబుల్ పట్టులో ఉంది. రెండో చేతిలో హవాయి చెప్పుల జత. ఎండకు కాలిపోతున్న గచ్చు మీద ఆ చెప్పులు తొడుక్కోకుండా, పాదాల అంచుల మీద బరువు మోపుకుంటూ నడుస్తున్నాడు. రిమాండ్ రిపోర్టుకు గుచ్చిన ఆసుపత్రి చీటీలో ఒకే ఒక్క వాక్యం ఉంది: బయటికి కనిపించే గాయాలు లేవు, రిమాండుకు తగిన ఆరోగ్యంతో ఉన్నాడు. మేజిస్ట్రేటు గారు అడగవలసిన ప్రశ్న అడిగారు, పోలీసులు కొట్టారా అని. అతను తల దించుకునే 'లేదండి' అన్నాడు. నేనేమో బెయిలు కాగితాల హడావుడిలో ఉన్నాను. చెప్పులు చేతిలో ఉండడం చూశాను, ఎందుకున్నాయని అడగలేదు. ఆ తప్పు నాది. ఈ లేఖలో మిమ్మల్ని అడిగేవన్నీ ఆ రోజు నేను చెయ్యనివే.

శనివారం సబ్ జైలులో ములాఖత్‌కు వెళితే, కమ్మీల అవతల గోడకు ఆనుకుని కాలు పైకెత్తి చూపించాడు. అరికాలు మధ్య భాగం పసుపూ ఆకుపచ్చా కలిసిన రంగులో ఉంది. మడమ దగ్గర ఇంకా నల్లగా ఉంది. ఆసుపత్రిలో ఏం జరిగిందని అడిగాను. డాక్టరు గారు పాము కాటు కేసు చూస్తున్నారని, కానిస్టేబులే చీటీ బల్ల మీద పెట్టాడని, 'ఏమైనా బాధలున్నాయా' అని డాక్టరు గారు తల ఎత్తి అడిగితే పక్కనున్న కానిస్టేబుల్ చెయ్యి నొక్కాడని, తాను ఏమీ లేవన్నానని చెప్పాడు. మళ్లీ వైద్య పరీక్ష చేయించాలని పిటిషను వేశాను. అది అనుమతి పొంది, పోలీసు ఎస్కార్ట్ దొరికి, పరీక్ష జరిగేసరికి మరో పది రోజులు గడిచాయి. ఈసారి వైద్యులు శ్రద్ధగా చూశారు, గాయాలేమీ లేవని రాశారు. అప్పటికి అది నిజం.

అతనిని ఎందుకు కొట్టి ఉంటారన్నది మీకు అర్థం కావాలంటే సాక్ష్య చట్టంలోని ఒక చిన్న తలుపు గురించి చెప్పాలి. పోలీసు అధికారి ముందు ఇచ్చిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదు. బ్రిటిష్ కాలం నాటి 1872 చట్టంలోనే ఈ నియమం ఉంది. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో అది 23వ సెక్షను అయింది. బెదిరించి, ఆశ పెట్టి, బలవంతపెట్టి రాబట్టిన ఒప్పుకోలు చెల్లదని 22వ సెక్షను చెబుతుంది. అయితే 23వ సెక్షనుకే ఒక మినహాయింపు ఉంది. అదుపులో ఉన్న ముద్దాయి చెప్పిన మాట వల్ల ఏదైనా వస్తువు బయటపడితే, ఆ బయటపడడానికి సంబంధించినంత వరకు ఆ మాట సాక్ష్యంగా చెల్లుతుంది. అందువల్ల దర్యాప్తు భారమంతా 'రికవరీ' మీదికి, అంటే పోయిన వస్తువు దొరికిందని చూపించడం మీదికి, వచ్చి పడింది. ఈ కుర్రాడి కేసులో కూడా మోటార్లు మురుగు కాలువలో గుర్రపుడెక్క కింద దొరికినట్టు, వీఆర్వో, మరొకరు సంతకం చేసిన మధ్యవర్తుల నివేదిక ఉంది. విచారణలో ఆ ఇద్దరూ తాము స్టేషనులోనే సంతకం పెట్టామన్నారు, కేసు వీగిపోయింది. మోటార్లు నిజంగా ఎత్తుకుపోయినవాడు ఎవడో ఈనాటికీ తెలియదు. హింస వల్ల నష్టపోయేది ముద్దాయి ఒక్కడే అనుకునేవారు ఆ చెరువు రైతును కూడా తలుచుకోవాలి.

ఇంతకన్నా వెయ్యి రెట్లు పెద్ద విషయంలో కూడా ఇటువంటి నష్టమే జరిగింది. 2007 డిసెంబరులో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో ఒక విద్యార్థిని హత్యకు గురైంది. ఆ కేసులో నేరం ఒప్పుకున్నాడని పోలీసులు ప్రకటించిన యువకుడికి యావజ్జీవం పడింది. 2017 మార్చి 31న హైకోర్టు అతన్ని నిర్దోషి అని తేల్చింది. ఎనిమిదేళ్లకు పైగా జైలులో గడిపి, అతను బయటికి వచ్చింది మన రాజమహేంద్రవరం కేంద్ర కారాగారం గేటు నుంచే. ఆ అమ్మాయి తల్లిదండ్రులు అసలు దోషి ఎవరని అప్పటికీ అడుగుతూనే ఉన్నారు.

చట్టంలో రక్షణలు లేవని నేననడం లేదు, చాలా ఉన్నాయి. తన మీద తానే సాక్ష్యం చెప్పేలా ఎవరినీ బలవంతపెట్టకూడదని 20వ అధికరణంలోని మూడో క్లాజు చెబుతుంది. 1986లో పశ్చిమ బెంగాల్ న్యాయసహాయ సంస్థ అధ్యక్షుడు డి.కె. బసు రాసిన ఒక ఉత్తరాన్నే సుప్రీంకోర్టు పిటిషనుగా తీసుకుని, 1996 డిసెంబరు 18న పదకొండు ఆదేశాలు ఇచ్చింది. అరెస్టు మెమో రాయాలి, దాని మీద కుటుంబసభ్యుడో ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలి, బంధువుకు కబురు చెయ్యాలి, విచారణ సమయంలో న్యాయవాదిని కలవనివ్వాలి. ఇవన్నీ ఇప్పుడు నాగరిక సురక్ష సంహితలో 36, 38, 48 సెక్షన్లు. ప్రతి స్టేషనులోనూ శబ్దంతో సహా రికార్డు చేసే కెమెరాలు ఉండాలని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒప్పుకోలు కోసం గాయపరిస్తే ఏడేళ్లు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ల దాకా శిక్ష పడుతుందని భారతీయ న్యాయ సంహిత 120వ సెక్షను చెబుతోంది. ఒక్కటి గమనించండి. మెమో రాసేది పోలీసులే, కబురు చేసేది వారే, కెమెరా తాళం ఉండేది వారి దగ్గరే. ఎవరి చేతుల్లోంచి రక్షణ కావాలో వారి చేతుల్లోనే ఆ రక్షణలన్నీ పెట్టాం. వేరే శాఖ చేతిలో పెట్టిన రక్షణ నాగరిక సురక్ష సంహితలోని 53వ సెక్షను ఒక్కటే, అది మీది.

ఆ సెక్షనును మరొకసారి చదవమని చేతులు జోడించి కోరుతున్నాను. అరెస్టయిన ప్రతి వ్యక్తినీ అరెస్టు తర్వాత వీలైనంత త్వరగా ప్రభుత్వ వైద్యాధికారి పరీక్షించాలి. అరెస్టయింది స్త్రీ అయితే మహిళా వైద్యాధికారి గాని, ఆమె పర్యవేక్షణలో గాని ఆ పరీక్ష జరగాలి. ఒంటి మీద ఉన్న గాయాలు, హింస జరిగిన గుర్తులు రాయాలి. అవి సుమారుగా ఎప్పుడు తగిలి ఉంటాయో కూడా రాయాలి. ఆ నివేదిక ప్రతిని అరెస్టయిన వ్యక్తికి గాని, అతను చెప్పిన వ్యక్తికి గాని ఇవ్వాలి. మరొకసారి పరీక్ష అవసరమని మీకు అనిపిస్తే ఆ పరీక్ష కూడా మీరే చేయవచ్చని కొత్త చట్టం చేర్చింది. దర్యాప్తుకు సాక్ష్యం కోసం పోలీసులు కోరితే చేసే పరీక్ష 51వ సెక్షను కింద జరిగేది, అది వేరు. 53వ సెక్షను కింద మీ ఎదుట నిలబడ్డవాడు పోలీసుల తరఫు మనిషి కాదు, మీ రోగి. 'రిమాండుకు తగినవాడు' అనే మాట ఆ సెక్షనులో ఎక్కడా లేదు. చట్టం అడగని ఆ ఒక్క మాటను రాస్తూ, చట్టం అడిగిన గాయాలనూ కాలాన్నీ వదిలేస్తున్నాం.

ఆ 'కాలం' అన్న మాటకు మీరు అనుకున్నదానికన్నా చాలా బరువు ఉంది. అదుపులో ఉన్న మనిషికి గాయాలుంటే అవి పోలీసుల వల్లే తగిలాయని కోర్టు భావించవచ్చంటూ సాక్ష్య చట్టంలో ఒక సెక్షను చేర్చాలని లా కమిషన్ 1985లోనే, తన 113వ నివేదికలో సిఫారసు చేసింది. 2017లో 273వ నివేదికలో మళ్లీ చెప్పింది, హింసా నిరోధక చట్టం ముసాయిదా కూడా రాసి ఇచ్చింది. ఐక్యరాజ్యసమితి హింసా వ్యతిరేక ఒడంబడిక మీద మన దేశం 1997లో సంతకం పెట్టింది, నేటికీ ధ్రువీకరించలేదు. 2010లో లోక్‌సభ ఆమోదించిన బిల్లు రాజ్యసభలో ఆగి మురిగిపోయింది. అంటే ఈ దెబ్బ స్టేషనులో తగిలిందా, అంతకు ముందే తగిలిందా అని నిరూపించే భారం నేటికీ దెబ్బలు తిన్నవాడి మీదే ఉంది. వాడికి సాక్షులుండరు. కమిలిన రంగును బట్టి 'సుమారు రెండు రోజుల నాటిది' అని మీరు రాసిన ఆ నాలుగు మాటలే వాడి సాక్షి.

ఆ మాటలు రాయకపోతే ఏమవుతుందో తమిళనాడులోని సాత్తాన్‌కుళం చెప్పింది. 2020 జూన్‌లో, లాక్‌డౌన్ వేళలు మించి సెల్‌ఫోన్ల దుకాణం తెరిచారన్న ఆరోపణతో తండ్రినీ కొడుకునూ స్టేషనుకు తీసుకెళ్లారు. రక్తంతో తడిసిన లుంగీలు మార్చి మార్చి కట్టుకోవలసిన స్థితిలో ఉన్న ఆ ఇద్దరికీ ప్రభుత్వాసుపత్రిలో రిమాండుకు తగినవారన్న చీటీ దొరికింది, ఆ చీటీ మీద రిమాండు దొరికింది. కొద్ది రోజుల్లోనే గంటల తేడాతో ఇద్దరూ చనిపోయారు. ఆ చీటీ రాసిన చెయ్యి ఒక్క పూట ఆగి ఉంటే బహుశా ఇద్దరూ ఆసుపత్రి వార్డులోనే ఉండేవారు. నాకు ఆ కేసు తలుచుకున్నప్పుడల్లా పోలీసుల మీద వచ్చే కోపం కన్నా, ఆ చీటీ మీద వచ్చే దుఃఖమే ఎక్కువ.

మన జిల్లాల సంగతికి వస్తే, 2020 జులైలో సీతానగరం పోలీస్ స్టేషనులో ఒక దళిత యువకుడికి గుండు గీయించిన ఘటన మీకు గుర్తుండే ఉంటుంది. రాష్ట్రమంతా చలించింది, ఎస్సై సస్పెండై అరెస్టయ్యాడు. గుండు కనిపిస్తుంది కాబట్టి అంత కదలిక వచ్చింది. అరికాలి దెబ్బ కనిపించదు, కనిపించకూడదనే అక్కడ కొడతారు. చర్మం మందంగా ఉండడం వల్ల కమిలినా పైకి తేలడానికి సమయం పడుతుందని, నొక్కితే మాత్రం మనిషి ఎగిరిపడతాడని మీ ఫోరెన్సిక్ పాఠాలే చెబుతాయి. లాఠీ దెబ్బకు మధ్యలో పాలిపోయి, రెండు పక్కలా సమాంతరంగా ఎర్రటి గీతలు తేలతాయని మీకు నేను చెప్పనక్కర్లేదు. తొడల మీద రోకలి దొర్లిస్తే చర్మం మీద గీత కూడా పడకపోవచ్చు, కానీ లోపల కండరాలు నలిగి, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారి, మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంటుంది. అందుకు ఒక మూత్ర పరీక్ష, ఒక రక్త పరీక్ష చాలు. రెండూ చాలా ఏరియా ఆసుపత్రుల్లో జరిగేవే. ఆ రెండు పరీక్షలు ఒక ప్రాణాన్ని సబ్ జైలు నుంచి డయాలసిస్ వార్డుకు చేర్చగలవు.

మీ కష్టం నాకు తెలియనిది కాదు. రాత్రి డ్యూటీలో ఒక్కరే డాక్టరు. ఒక పక్క పురుగుమందు తాగినవారు, ఒక పక్క జాతీయ రహదారి మీద ప్రమాదాలు, పురిటి నొప్పులు. సీఐ గారి ఫోను వస్తుంది. రేపు రోగి బంధువులు ఆసుపత్రి అద్దాలు పగలగొడితే మీరు కబురు చెయ్యవలసింది ఆ స్టేషనుకే. గాయాలు రాస్తే ఏళ్ల తర్వాత, మరో జిల్లాకు బదిలీ అయ్యాక కూడా, సమన్లు అందుకుని సాక్ష్యానికి రావాలి. అక్కడ మాలాంటి న్యాయవాదులు మిమ్మల్ని గంటల కొద్దీ వరండాలో కూర్చోబెట్టి, ఆపైన ఎదురుప్రశ్నలతో విసిగిస్తారు. ఆ విషయంలో మా బార్ అసోసియేషన్లు సిగ్గుపడాలి. వైద్యుల సాక్ష్యాన్ని వీడియో ద్వారా నమోదు చేయించమని కోర్టులను కోరడం మా బాధ్యత, నా వంతుగా నేను కోరుతూనే ఉంటాను.

కానీ మీరు రాయని గాయాన్ని తర్వాత ఎవరూ రాయలేరు. 2021 మేలో అప్పటి నరసాపురం పార్లమెంటు సభ్యుడు అరెస్టయి, అదుపులో తనను హింసించారని ఆరోపించినప్పుడు, సుప్రీంకోర్టు కలగజేసుకుని సికింద్రాబాద్ సైనిక ఆసుపత్రిలో, ఒక న్యాయాధికారి సమక్షంలో మళ్లీ పరీక్ష చేయించింది. ఆ వ్యవహారంలో నిజానిజాలు తేల్చవలసింది న్యాయస్థానాలు. నేను గుర్తుచేసేది అంతవరకే: పార్లమెంటు సభ్యుడికి మూడు రోజుల్లో రెండో ఆసుపత్రి దొరికింది. అదే నరసాపురం తీరంలో వల లాగేవాడికీ, కొబ్బరికాయలు వలిచేవాడికీ, చెరువు కాపలావాడికీ ఢిల్లీ దాకా వెళ్లే దారి లేదు. వాళ్లకు మొదటి ఆసుపత్రే చివరి ఆసుపత్రి.

కాబట్టి నా కోరికలు చెబుతాను. పరీక్ష జరిగినంత సేపూ ఎస్కార్ట్‌ను తలుపు బయట నిలబెట్టండి. పారిపోతాడన్న భయం ఉంటే కిటికీ పక్కన కూడా ఒకరిని ఉంచుకోమనండి, గదిలో మాత్రం వద్దు. హింసను పరీక్షించి నమోదు చేయడంపై ఐక్యరాజ్యసమితి ప్రచురించిన, 1999 నాటి ఇస్తాంబుల్ ప్రోటోకాల్ కూడా పోలీసులు వినని చోట, చూడని చోట పరీక్ష జరగాలంటుంది. 'బాధలున్నాయా' అని కాకుండా, ఎప్పుడు స్టేషనుకు తీసుకొచ్చారని ముందు అడగండి. అతను చెప్పిన రోజు రిమాండ్ రిపోర్టులోని రోజుకు కలవకపోయినా అతని మాటలను అతని మాటలుగానే రాయండి. చొక్కా విప్పించండి, లుంగీ పైకి తీయించండి. మనిషి బొమ్మ ముందూ వెనకా గీసిన కాగితాలు ఒక కట్ట జిరాక్సు తీయించి బల్ల సొరుగులో ఉంచుకుంటే, గాయం ఎక్కడుందో గుర్తు పెట్టడానికి రెండు నిమిషాలు పట్టదు. నివేదిక ప్రతి అతని చేతికో, తల్లి చేతికో ఇచ్చి, ఇచ్చినట్టు సంతకమో వేలిముద్రో తీసుకోండి. పోలీసు కస్టడీకి ఇచ్చిన మనిషిని ప్రతి 48 గంటలకు వైద్యుడు చూడాలన్నది డి.కె. బసు తీర్పులోని ఆదేశం. పదిహేను రోజుల కస్టడీని మొదటి నలభై లేదా అరవై రోజుల్లో విడతలుగా తీసుకోవడానికి కొత్త చట్టం వీలిచ్చింది కాబట్టి, ఒకే మనిషి మీ ముందుకు పలుమార్లు రావచ్చు. పాత నివేదిక తీసి పక్కన పెట్టుకుని కొత్తది రాయండి. మధ్యలో వచ్చిన గాయం దానంతట అదే తెలుస్తుంది.

నిజాయతీగా పనిచేసే ఎస్సైలు కూడా ఈ ప్రాంతంలో ఉన్నారు, వాళ్లలో కొందరు నాకు మిత్రులు. చేయి చేసుకోకుండా దర్యాప్తు చేసినవాడి మీద రేపు కోర్టులో అబద్ధపు ఆరోపణ వస్తే, అతన్ని కాపాడేదీ మీ వివరమైన నివేదికే. ఒక్క వాక్యం చీటీ ఎవరినీ కాపాడదు. ఇక జిల్లా ఆసుపత్రుల సమన్వయాధికారులకు, సూపరింటెండెంట్లకు నా విన్నపం ఒక్కటే: గాయాలు రాసినందుకు మీ డ్యూటీ డాక్టరుకు ఫోన్లు వస్తే, ఆ ఫోను మీరు ఎత్తండి.

53వ సెక్షనును సులభమైన తెలుగులో ఒక పేజీగా, దాని కింద ఉచిత న్యాయసహాయం కోసం ఫోన్ చెయ్యవలసిన 15100 నంబరుతో, పెద్ద అక్షరాల్లో వేయించాను. వచ్చే వారం నుంచి నేనే స్వయంగా వచ్చి ప్రతి ఆసుపత్రి సూపరింటెండెంటు గారికి అందజేస్తాను. బయటి వరండాలో కాకుండా, పరీక్ష చేసే గదిలో, అరెస్టయినవాడు కూర్చునే బల్లకు ఎదురుగా అంటించమని కోరుతున్నాను. చదువు రానివాడు వస్తే మీ నర్సమ్మ గారు చదివి వినిపిస్తే చాలు. ఈసారి మీ ముందుకు ఎవరినైనా తీసుకొచ్చినప్పుడు, సంతకం పెట్టే ముందు, చెప్పులు తొడుక్కుని నాలుగడుగులు నడిచి చూపించమని అడగండి.

ఇట్లు,
కోనసీమ కోర్టుల్లో పనిచేస్తున్న ఒక న్యాయవాది